నూట నాలుగు పళ్ళ దూడ

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. చాప చాలకపోతే అదిగో, గోనెపట్టా పరుచుకోండి. మధ్యలో "నిజమేనా మామ్మా?" అని అడిగినవాళ్ళకి పకోడీలు లేవు, ముందే చెబుతున్నాను. మీకు నమ్మకం కుదరనిది ఈ కథలో చాలా ఉంది. ప్రతిదానికీ ఆగుతూ కూర్చుంటే నూనె చల్లారిపోతుంది.

వేమలపాలెంలో కాలవ వంతెన దిగగానే కుడిచేతి వైపు పశువుల శాఖవారి డివిజన్ ఆఫీసు. ముందు గదిలో కాగితాలు, వెనక గదిలో మందులు, పెరట్లో గేదెల్ని నిలబెట్టి సూదులేసే ఇనప చట్రం. ముందు గదిలో కిటికీ పక్కన ఎనిమిదేళ్ళుగా కూర్చున్న మనిషి సత్యవేణి. కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటరు ఆపరేటరు. రైతుల గేదెలకి బీమా కాగితాలు ఎక్కించడం ఆవిడ పని. మొగుడు రొయ్యల చెరువుల మీద కాపలాదారు. చెరువుకి తెగులొస్తే ఆయనకి పనుండదు. ఇద్దరు ఆడపిల్లలు, మంచం దిగలేని అత్తగారు. ఆ ఇంటికి నెలనెలా కచ్చితంగా వచ్చేది ఈవిడ జీతం ఒక్కటే.

ఆ జీతానికో షరతు ఉంది. ఏటా మార్చి ముప్ఫై ఒకటిన కొత్త కాంట్రాక్టు కాగితం వస్తుంది. దాని అడుగున చిన్న అక్షరాల్లో "పనిచేయుచున్న కంప్యూటరు ఉన్నంతవరకే ఆపరేటరు ఉండవలెను" అని ఉంటుంది. అంటే కంప్యూటరు పడుకున్న రోజున సత్యవేణి ఇంటికి పోవాలి.

ఆ కంప్యూటరు చూస్తే పదేళ్ళది. పొద్దున్న బటన్ నొక్కి, బల్లలు తుడిచి, కుండలో నీళ్ళు నింపి, వాకిట్లో ఉన్న ముగ్గురు రైతుల కష్టసుఖాలు విని వచ్చినా తెర మీద ఆ గుండ్రటి సున్నా తిరుగుతూనే ఉండేది. కొత్తది ఇప్పించమని రాస్తే "నిధులు లేవు" అని వచ్చింది. మళ్ళీ రాస్తే "మీ మొదటి లేఖకు ఇచ్చిన జవాబును చూసుకొనుడు" అని వచ్చింది. మూడోసారి రాయబోతే సూపరింటెండెంటు చయనులు గారు ఆపేశారు.

"వద్దమ్మా సత్యవేణీ. నువ్వలా రాస్తూ పోతే, నీ కంప్యూటరు పనిచేయడం లేదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఆపైన నీ పోస్టుకే ఎసరు."

చయనులు గారు చెడ్డమనిషి కాదు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఎవరి దగ్గరా కాఫీ తాగి ఎరగడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే: కళ్ళెదుట ఉన్నదానికీ, రిజిస్టర్లో రాసినదానికీ తేడా వస్తే, తప్పు కళ్ళదే అంటాడు.

జనవరిలో ఒకరోజు ఆ తెర నల్లబడి, గంటసేపు వెలగలేదు. ఇక ఆగితే లాభం లేదనుకుని సత్యవేణి మెయిన్ రోడ్డు మీద రిపేరు షాపు ఖాసిం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా విని నవ్వాడు.

"అది చావలేదమ్మా, ఊపిరాడక గింజుకుంటోంది. మెమరీ ముక్క ఇంకోటి తగిలించు. ఫ్యాను మార్చు. లోపల తిరిగే పాత డిస్కు తీసేసి కొత్తరకం చిన్న డిస్కు పెట్టు. పరిగెడుతుంది. మెమరీ, ఫ్యానూ కొనక్కర్లేదు, మీ ఆఫీసులో మూలపడ్డ పాతవి లేవూ?"

ఎందుకు లేవు! మందుల గదిలో, గడువు తీరిన టీకాల పెట్టెల వెనకాల, రెండు కంప్యూటర్లు ఆరేళ్ళుగా బల్లులకి కాపురమిచ్చాయి. సత్యవేణి ఒకదాంట్లోంచి మెమరీ తీసింది. రెండోదాంట్లోంచి ఫ్యాను తీసి, పాత పళ్ళబ్రష్షుతో దుమ్ము దులిపింది. పిల్లల పుట్టినరోజు గౌన్లకని దాచుకున్న దాంతో డిస్కు కొంది. ఖాసిం గారు దగ్గరుండి బిగింపించి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరేదో ఎక్కించి, చేతికూలి కూడా తీసుకోలేదు.

సోమవారం పొద్దున్న బటన్ నొక్కి కుర్చీ జరుపుకుంది. కూర్చునేలోపే తెర తెరుచుకుని ఉంది!

"ఓరినాయనోయ్!" అన్నాడు కాంపౌండరు నూకరాజు, చేతిలో సూదిమందు సీసాతో గుమ్మంలోనే నిలబడిపోయి. "ఏటి పెట్టేవమ్మా దానికి, ఉలవలా?"

ఆ వారం మూడు నెలల బాకీ కాగితాలన్నీ ఎక్కిపోయాయి. రైతులు పొద్దున్న వచ్చి, పాలు పితికే వేళకి ఇంటికి పోతున్నారు. కథ ఇక్కడితో అయిపోవాలి కదూ? అయిపోయేదే. సరిగ్గా అప్పుడే పైనుంచి సర్క్యులరొకటి దిగింది.

"పాతకు ప్రాణం పక్షోత్సవం." మార్చి పదిహేను మొదలు నెలాఖరు దాకా ప్రతి ఆఫీసూ పాత కంప్యూటర్లని తిరిగి వాడకంలోకి తేవాలి, ప్రతిజ్ఞ చేయాలి, ఫ్లెక్సీ కట్టాలి, నివేదిక పంపాలి.

అసిస్టెంట్ డైరెక్టరు డాక్టర్ భీమశంకరం గారు ఆ కాగితం చదివి పొంగిపోయారు. ఏడీ గారంటే ఆ ఆఫీసుకి పెద్ద, పశువుల వైద్యంలో పెద్ద చదువు చదివినవారు.

"సత్యవేణీ! నువ్వు చేసింది రిపేరు కాదమ్మా, ఉద్యమం! జిల్లాలో మనదే మొదటి ఆఫీసు అవుతుంది. చయనులు గారూ, ఆ కంప్యూటరు వివరాలు రిజిస్టరులోంచి తీసి నివేదిక తయారు చేయండి."

చయనులు గారు రిజిస్టరు తీశారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ప్రతి సర్కారు ఆఫీసులోనూ ఉన్నట్టే అక్కడా రెండు రిజిస్టర్లు. ఒకటి ప్రాణం లేనివాటికి: బల్లలు, కుర్చీలు, బీరువాలు. రెండోది ప్రాణమున్నవాటికి: ఆబోతులు, ఆవులు, పెయ్యలు. పదేళ్ళ క్రితం కంప్యూటర్లు దిగిన రోజున ప్రాణం లేనివాటి రిజిస్టరులో పేజీలు అయిపోయాయిట. కొత్త పుస్తకం వచ్చేలోపు సామాను బయట పెట్టకూడదని, అప్పటి గుమాస్తా వాటిని రెండో దాంట్లో రాసేశాడు. ముర్రా దున్నకీ ఒంగోలు పెయ్యకీ మధ్యన నలభై, నలభై ఒకటి, నలభై రెండు నంబర్లు. జాతి: విదేశీ. రంగు: నలుపు. కొమ్ములు: లేవు. పళ్ళు అన్న గడి ఖాళీగా వదలకూడదు గనక కీబోర్డు మీద మీటలు లెక్కపెట్టి నూట నాలుగు అని రాశాడు. చెవికి కొట్టే పసుపు బిళ్ళలు మూడింటికీ మూలన మేకులేసి బిగించాడు. ఒకసారి రాసింది మార్చాలంటే రాజధాని నుంచి అనుమతి కావాలి. అడిగి తొమ్మిదేళ్ళయింది, ఇంకా రాలేదు.

నివేదిక కోసం చయనులు గారు సత్యవేణి కంప్యూటరు మూత విప్పించి, కళ్ళద్దాలు సవరించుకుని లోపలికి తొంగిచూశారు. మెమరీ మీద నలభై ఒకటి, ఫ్యాను మీద నలభై రెండు అని పాత గుమాస్తా అంటించిన చీటీలున్నాయి. డిస్కు మీద ఏ నంబరూ లేదు. ఆయన ఏడీ గారిని అక్కడికి పిలుచుకొచ్చారు.

"సార్, ఇది నలభయ్యో నంబరు కాదు. నలభై ఒకటీ కాదు, నలభై రెండూ కాదు. మూడింటి అంశా ఉంది."

"అంటే?"

"అంటే మరి మీరే సెలవివ్వాలి. బతికున్న పశువుల అవయవాలు తీశారని రాయనా? దొంగతనమని రాయనా?"

సత్యవేణి కుర్చీలోంచి లేచింది. "సార్, మందుల గదిలో పారేసినవే కదండీ..."

"పారేశామని ఎక్కడుందమ్మా? రిజిస్టరు ప్రకారం అవి రెండూ మేస్తున్నాయి."

ఏడీ గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. దొంగతనమంటే పక్షోత్సవానికి మచ్చ. అవయవాలంటే విచారణ. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు. ఆ కళ్ళలో వెలుగు చూసి నూకరాజు ఓ అడుగు వెనక్కి వేశాడు.

"చయనులు గారూ, మన శాఖలో రెండు జాతుల లక్షణాలు ఒకే దేహంలో కనిపిస్తే దాన్నేమంటాం?"

"సంకరజాతి అంటామండి."

"మరి అలాంటిది మొన్నటిదాకా లేకుండా ఇవాళ మన ముందు చలాకీగా ఉంటే?"

"పుట్టింది అంటామండి," అన్నారు చయనులు గారు, చెమట తుడుచుకుంటూ. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నమే రిజిస్టరులో ఎక్కింది. "నలభయ్యో నంబరు చాలా ఏండ్లుగా వట్టిపోయి యుండి, జనవరి మాసమున ఒక దూడను ఈని, తదుపరి మరణించెను. శవము లభ్యము కాలేదు. దూడకు నలభై మూడవ నంబరు కేటాయించడమైనది. పళ్ళు: పుట్టుకతోనే నూట నాలుగు." నూకరాజు కొత్త బిళ్ళ పట్టుకొచ్చి కంప్యూటరు మూలన కొట్టాడు. కొడుతూ, అలవాటు కొద్దీ, "ఓస్ ఓస్" అని దాన్ని నిమిరాడు కూడా.

ఇక మిగిలిన రెండింటి సంగతి. ఒంట్లో భాగాలు లేని పశువు మేస్తోందని రాయకూడదు. చచ్చిందని రాయాలంటే పోస్టుమార్టం కావాలి. ఏడీ గారు గ్లవుజులు తొడుక్కుని పెరట్లో స్వయంగా చేశారు. ఆ రిపోర్టు నకలు సత్యవేణే టైపు చేసింది, ఇలాగ:

"బాహ్య పరీక్ష: శరీరములు చల్లగా నున్నవి. ప్లగ్గు పెట్టినను చలనము లేదు. అంతర పరీక్ష: ఒకదానియందు జ్ఞాపకశక్తి లోపించినది. రెండవదానియందు ఊపిరి విసరు చక్రము లోపించినది. ఉదరమునందు దుమ్ము, మూడు బల్లిగుడ్లు. మరణ కారణము: అవయవదానము."

పోస్టుమార్టం అయిన పశువుని ఆరడుగుల గోతిలో ఉప్పూ సున్నమూ వేసి పూడ్చాలి. గొయ్యి తవ్వారు. సత్యవేణి ఉండబట్టలేక ముందుకొచ్చింది.

"సార్, ఆ తెరలు రెండూ భేషుగ్గా వెలుగుతాయండీ. కీబోర్డులూ బానే ఉన్నాయి. పక్కన ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫైమందికి ఒకటే కంప్యూటరండి. వాళ్ళకిచ్చినా..."

"చచ్చిన పశువుని కోసి పిల్లలకి పెడతామా అమ్మా?" అన్నారు ఏడీ గారు, ఎంతో దయగా.

పూడ్చేశారు. గట్టు మీద వరుసగా నిలబడి, కుడిచెయ్యి చాచి, "పాత వస్తువును పారవేయనని, పుడమితల్లిని కాపాడెదనని" పక్షోత్సవ ప్రతిజ్ఞ చేశారు. ఫొటో తీశారు. వెనకాల ఫ్లెక్సీలో ఆకుపచ్చటి భూగోళం నవ్వుతోంది.

సత్యవేణి చేతులు కడుక్కుని తన సీటు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరు లేదు.

"దూడని నీడకి మార్చామమ్మా," అన్నారు చయనులు గారు. "మన శాఖ రూల్సు పుస్తకంలో ఆరో అధ్యాయం. మూడేళ్ళు నిండని దూడను కాడికి కట్టరాదు. దీనికి రెండు నెలలు కూడా నిండలేదు. ఇన్నాళ్ళూ పొరపాటున పని చేయించాం, అదే మహాపాపం."

పశువుల పాకలో, పొడి చోట, కింద గడ్డి పరిచి పెట్టారు కంప్యూటరుని. ముందర బకెట్టు నీళ్ళు. రెండుపూటలా నీళ్ళు పెట్టినట్టు సంతకం చేయడానికి పుస్తకం.

సత్యవేణి ఏడీ గారి గదిలోకి వెళ్ళింది. "సార్, ఇవాళ ఇరవై తారీఖండి. పదకొండు రోజుల్లో నా కాంట్రాక్టు. పనిచేసే కంప్యూటరు లేకపోతే నన్ను తీసేస్తారండీ."

"కంప్యూటరు లేకపోవడమేమిటమ్మా? ఉంది. ఆరోగ్యంగా ఉంది."

"ఆయ్, కానీ పనిచేయట్లేదు కదండీ."

"అది పని చేయగలదు. మనం చేయించకూడదు. రెండూ వేరు. చట్టంలో ఉన్న అందమంతా ఆ తేడాలోనే ఉంది."

"మరి నేనండీ?"

"నీ త్యాగాన్ని నివేదికలో ఒక పేరా రాస్తాను," అన్నారాయన.

బయట వరండాలో రైతులు కూర్చుని ఉన్నారు. చెల్లూరు నుంచి వచ్చిన మంగాయమ్మ అనే ఆవిడ, చచ్చిపోయిన గేదె చెవిబిళ్ళ కొంగున కట్టుకుని, "ఇయ్యాలైనా అవుద్దా తల్లీ?" అంది. సత్యవేణి పెరట్లోకి పోయి, పాక గుంజకి ఆనుకుని నిలబడిపోయింది.

నూకరాజు నీళ్ళ బకెట్టు మార్చడానికి వచ్చాడు.

"ఏడవకమ్మా. మా నాన్నే ఉండుంటే ఈ దూడని తోలుకుని ఈపాటికి ఇంటికెల్లిపోయేవోడు."

"ఎలాగ?"

"పాలికి మేపడం అంటారు కదమ్మా, ఎరగవా? ఒట్టిపోయిన గేదెని ఆసామి మేపలేడు. మాలాటోడు తోలుకొచ్చుకుని, సొంత మేత పెట్టి, సాకిరీ చేసి, మళ్ళీ సూడి కట్టించేవోడు. ఈనిందనుకో, తొలి దూడ మేపినోడిదే. ఆసామి కిక్కురుమనకూడదు. మా ఇంట్లో గొడ్లన్నీ అలా వచ్చినయ్యే."

సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. "ఆ మాట మన పుస్తకంలో ఉంటుందా బాబాయ్?"

"గొడ్ల పుస్తకం కదా. ఉండకేం చేత్తాది?"

భోజనాల వేళ అందరూ క్యారియర్లు విప్పుకుంటుంటే ఆవిడ ఆ చెదలు తిన్న పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పెరుగన్నం చేత్తో కలిపింది కలిపినట్టే ఉంది. పంతొమ్మిదో అధ్యాయంలో దొరికింది. "శాఖ పోషించజాలని వట్టిపోయిన పశువును ఎవరేని స్వంత ఖర్చుతో మేపి ఈనించినచో, తొలి సంతానము మేపినవారికే చెందును. ఉద్యోగులైనను అభ్యంతరము లేదు."

ఆవిడ అర్జీ రాసి చయనులు గారి ముందు పెట్టింది. ఆయన ఒకసారి చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"శాఖ పోషించలేకపోయిందని రుజువు?"

"నిధులు లేవని మనకొచ్చిన ఉత్తరాలండి. రెండు."

"సొంత ఖర్చుతో మేపినట్టు?"

ఖాసిం గారి షాపు రసీదు బల్ల మీద పెట్టింది. డిస్కు ఒకటి అని ఉంది. చయనులు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మేతల్లో ఇది ఏ రకమో తెలియక, "దాణా" అని పక్కన రాసి ముద్ర కొట్టారు.

"దీంట్లో తప్పు పట్టడానికేం లేదమ్మా. సర్వీసంతా వెతికాను, ఇంత శుభ్రమైన అర్జీ చూడలేదు. కానీ ఒక్క మాట. దూడ నీదైపోతే ఆఫీసులో కంప్యూటరే ఉండదు. నీ పోస్టు ముప్ఫై ఒకటో తారీఖున నేనే తీసేయాల్సొస్తుంది."

"దూడ ఇక్కడుంటే తీసేయరాండీ?"

చయనులు గారు ముద్ర పక్కన పెట్టారు. "అప్పుడూ తీసేస్తాను," అన్నారు నెమ్మదిగా.

"అయితే సంతకం పెట్టండి బాబుగారూ."

నెలాఖరున జిల్లా నుంచి జాయింట్ డైరెక్టరు గారు పక్షోత్సవం ముగింపు సభకి వచ్చారు. కారు దిగుతూనే ఏడీ గారిని పక్కకి పిలిచారు. "తిరిగిన ఆఫీసులన్నింట్లోనూ ఫ్లెక్సీలున్నాయయ్యా, ప్రతిజ్ఞలున్నాయి. ఫొటోకి ఒక్క లబ్ధిదారు దొరకట్లేదు. నీ దగ్గరన్నా ఉన్నారా?"

ఏడీ గారు అప్పటిదాకా ఆ అర్జీని ఎలా తొక్కిపెట్టాలా అని చూస్తున్నవారు, చటుక్కున చిరునవ్వు నవ్వారు. "ఉన్నారు సార్. మహిళ!"

"ఎక్సలెంట్!"

కంప్యూటరుకి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, కొత్త పలుపుతాడు కట్టారు. జేడీ గారు ఆ తాడు కొస సత్యవేణి చేతిలో పెట్టి కెమెరా వైపు చూశారు. చప్పట్లు. "ఈ మూగజీవాన్ని కన్నబిడ్డలా సాకమ్మా," అన్నారు మైకులో. ఆయనకి పసుపు పూసిన ఆ పెట్టెలో ఏముందో ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

చప్పట్లు ఆగకముందే చయనులు గారు వచ్చి రెండో చేతిలో ఇంకో కాగితం పెట్టారు. కంప్యూటరు లేనందున ఆపరేటరు సేవలు ముగించడమైనది. ఆయన తల ఎత్తలేదు. సత్యవేణి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని, దూడని ఆటోలో ఎక్కించుకుని ఇంటికి పోయింది. దారంతా ఆవిడ తాడు కొస వదల్లేదుట. పరువు కోసం కాదు, ఆటో తలుపుకి గడియ లేదు.

ఏప్రిల్ రెండో వారంలో, ఆఫీసు గేటుకి ఎదురుగా, ఖాళీగా పడున్న సోడా కొట్టులో బల్ల వేసుకుంది. ఖాసిం గారు మూలపడ్డ ప్రింటరొకటి బాగుచేసి ఇచ్చాడు, వీలైనప్పుడు ఇవ్వమన్నాడు. చెల్లూరు మంగాయమ్మ కాగితం మొట్టమొదట ఎక్కింది. రైతులు ఎదురుగా ఆఫీసుకి వెళ్తే చయనులు గారే వేలు పెట్టి చూపించేవారు: "అక్కడికి వెళ్ళండి. ప్రైవేటు పశువుకి ఆరో అధ్యాయం వర్తించదు."

రైతులే కాదు, ఆఫీసు కూడా వచ్చింది. కంప్యూటరు లేని ఆఫీసు నెలవారీ నివేదికలు దేంతో పంపుతుంది మరి? మొదట నూకరాజు తెచ్చేవాడు. ఆ తరవాత చయనులు గారు. మే నెలలో ఒకరోజు, గొడుగు వేసుకుని, ఏడీ గారే వచ్చారు.

"సత్యవేణీ, కాస్త రహస్యమైన కాగితాలమ్మా."

"లైన్లో రండి సార్. నలుగురున్నారు ముందు."

నలుగురి వెనకాల నిలబడ్డారాయన. తన వంతు వచ్చాక మొదటి కాగితం ఇచ్చారు. పక్షోత్సవంలో జిల్లా ఉత్తమ ఆఫీసు అవార్డుకి దరఖాస్తు. "తిరిగి వాడకంలోకి వచ్చిన పాత కంప్యూటర్లు: ఒకటి. ఆఫీసులో వాడకుండా మిగిలిన పాత కంప్యూటర్లు: లేవు. విజయశాతము: నూరు." సత్యవేణి టైపు చేసింది. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు మరి.

రెండో కాగితం ఇచ్చేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. రాజధానివారు సంతోషించి కొత్త కంప్యూటరు పంపారుట. పొట్లం విప్పకుండా ఉంది. దానికి ఆపరేటరు కావాలి. ఇది ఆ ప్రకటన. కాంట్రాక్టు పద్ధతి. అడుగున అవే చిన్న అక్షరాలు.

"అనుభవం ఎనిమిదేళ్ళు అని పెట్టాను," అన్నారాయన ఇటూ అటూ చూసి. "జిల్లా మొత్తంలో అంత అనుభవం ఉన్నది నీకొక్కదానికే. అర్థమైంది కదా? పాత సీటే, కిటికీ పక్కనే. ఒక దరఖాస్తు ఇప్పుడే కొట్టేసి నా చేతికిచ్చెయ్యి. సాయంత్రానికి ఆర్డరు."

సత్యవేణి ఆ ప్రకటన మొత్తం, కామాతో సహా, శ్రద్ధగా టైపు చేసింది. మూడు నకళ్ళు తీసింది. అంచులు సమంగా కొట్టి, పిన్ను గుచ్చి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన కదల్లేదు. గొడుగు మార్చి పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నారు.

ఆవిడ ఆయన భుజం పక్కనుంచి వెనక్కి చూసి, "తరవాత ఎవరండీ?" అంది.

అదర్రా సంగతి. పకోడీలు తినండి, చల్లారిపోతున్నాయి. తిన్నాక మాత్రం దీన్ని మరిచిపోకండి. రేపు మీరూ ఎక్కడో ఓ ఆఫీసులో కుర్చీల్లో కూర్చుంటారు, మీ బల్లల మీదా పుస్తకాలుంటాయి. అక్కడ ఎవరైనా పనికొచ్చేదాన్ని పూడ్చడానికి గొయ్యి తవ్వుతుంటే, పనులాపి, వాళ్ళ పక్కన కూర్చుని, ఈ సత్యవేణి సంగతి మొదట్నుంచీ చెప్పండి. నేను చెప్పినంత నిదానంగానే చెప్పండి. కంప్యూటరుకి నూకరాజు "ఓస్ ఓస్" అన్న ముక్క మాత్రం వదిలిపెట్టొద్దు.